కోడినిద్ర

"తట్టలేదు. తడితే నాకు తెలియదా?"

పొద్దుట్నుంచి అమ్మ ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. మంచం మీద దుప్పటి పరిచి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. చేసిన చొక్కానే మళ్ళీ తిరగేసి చేస్తోంది. ఆ సంగతి ఆమె గమనించినట్టు లేదు.

సెక్రటరీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాలేజీ మొత్తానికి ఆమె విద్యార్థి సంఘం సెక్రటరీ. ఇంట్లో మాత్రం బుడ్డి. హాస్టల్ తాళం పగిలిన నాటి నుంచి ఆ ముద్దుపేరుతో ఆమెను పిలిచిన వాళ్ళు లేరు.

"మెల్లిగా అమ్మా," అంది.

అని నాలిక కరుచుకుంది. అమ్మ అటు తిరిగి ఉంది.

చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడి, ఈసారి గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపింది. 'మెల్లిగా. అవతల పిల్లలున్నారు.'

గోడలకి చెవులుంటాయంటారు. అమ్మాయిల హాస్టల్లో వార్డెన్‌కిచ్చిన ఈ రెండు గదుల ఇంటి గోడకి నిజంగానే ఉన్నాయి. దానికి అవతల భోజనాల హాలు. చెవుల కరువంతా ఇవతలే. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకరు ఒప్పుకోరు.

"ఎందుకు మెల్లిగా? నేనేమన్నా దొంగతనం చేశానా?" అంది అమ్మ. తన గొంతు ఎంత పైకి లేస్తుందో ఆమెకి తెలియదు.

'ఆ పిల్ల తలుపు తట్టిందమ్మా.'

"నువ్వు చూశావా?"

సెక్రటరీ పెదవులు ఆగిపోయాయి.

"చూడలేదు కదా. ఇంట్లో లేవు కదా. మరి చూసినట్టు చెప్తావేం?"

ఆ ఇంట్లో పోట్లాటలన్నీ ఇలాగే ఉంటాయి. ఒకరు అరుస్తారు, ఒకరు నోరు మెదిపి ఊరుకుంటారు. కిటికీలోంచి చూసేవాళ్ళెవరైనా ఉంటే, తల్లి కేకలేస్తోందని, కూతురు నోట్లో నోట్లో గొణుక్కుంటోందని అనుకుంటారు. కూతురు కూడా గట్టిగానే కేకలేస్తోందని ఎవరికీ తట్టదు.

ఆ రాత్రి ఆమె ఇంట్లో లేని మాట నిజం. పరిపాలనా భవనం ముందు బైఠాయింపులో ఉంది. హాస్టల్‌కి రాత్రి నర్సు కావాలి, మెట్ల దగ్గర ఇనప గేటు తాళంచెవి వార్డెన్ ఇంట్లో కాకుండా కాపలా మనిషి దగ్గర ఉండాలి. ఇవీ వాళ్ళు అడిగినవి. అక్కడ ఆమె పిడికిలెత్తి ఆ మాటలే అంటున్నప్పుడు ఇక్కడ రెండో అంతస్తులో ఒక పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఆ పిల్లతో ఒకే గదిలో ఉండే, అందరూ ఒంటిజడ అని పిలిచే అమ్మాయి పరుగెత్తుకొచ్చి, గేటు పక్కనే ఉన్న వార్డెన్ తలుపు తట్టింది. తట్టి తట్టి, చివరికి పూలకుండీ దగ్గర రాయి తెచ్చి గేటు తాళం బద్దలుకొట్టింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు.

ఇప్పుడు ప్రిన్సిపాల్ ఒంటిజడకి నోటీసిచ్చారు. తాళం పగలగొట్టడం ఒక తప్పు, వార్డెన్ కావాలనే తలుపు తీయలేదని ప్రచారం చేయడం ఇంకో తప్పు. క్షమాపణ రాసివ్వాలి, లేదా హాస్టల్ ఖాళీ చేయాలి. ఈ మధ్యాహ్నమే విచారణ.

'ఒక్క మాట చెప్పమ్మా,' అంది సెక్రటరీ. 'నిద్ర పట్టేసిందని చెప్పు. వినపడలేదని చెప్పు. అంతే.'

"అంతేనా?" అమ్మ ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. "ఆ తర్వాత? వినపడని వార్డెన్ని ఎవడు ఉంచుకుంటాడే? ఈ ఇల్లు కూడా ఉద్యోగంతో పాటే పోతుంది. అప్పుడు నీ సంఘం వచ్చి మనిద్దరికీ చూరు చూపిస్తుందా?"

సెక్రటరీ గబుక్కున అమ్మ నోటి మీద చెయ్యి పెట్టింది. గోడ అవతల పళ్ళేల చప్పుడు ఆగినట్టనిపించింది. కాసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది. ఎవరో నవ్వారు కూడా.

అమ్మ ఆ చేతిని మెల్లిగా తీసేసింది.

"నీ చెవులే కదే నా చెవులు," అంది. ఇప్పుడు గొంతు నిజంగానే తగ్గింది. "ఆ రాత్రి అవి ఎక్కడికెళ్ళాయి?"

సెక్రటరీ చూపు తలుపు పక్కనున్న తన మంచం మీదకి పోయింది.

ఏళ్ళ తరబడి జరిగేది ఇదీ. సెక్రటరీ మంచం తలుపు పక్కనే. రాత్రి ఎవరు తట్టినా ఆమెకే మెలకువ. లేచి, చీకట్లో అమ్మ కాలి బొటనవేలు నొక్కుతుంది. అమ్మ లేచి, తాళాలు తీసుకుని, తలుపు తెరుస్తుంది. అప్పటికి కూతురు మళ్ళీ దుప్పట్లో ఉంటుంది. గుమ్మం బయటి పిల్లలకి కనపడేది వార్డెన్ మేడమ్ ఒక్కరే. తట్టీ తట్టకముందే లేచొచ్చే మేడమ్. 'మేడమ్‌ది కోడినిద్ర, పిల్లి నడిచినా లేస్తారు' అని హాస్టల్లో ఎప్పుడో పేరు పడిపోయింది. వింటూ వింటూ అమ్మ కూడా ఆ మాట నమ్మేసిందేమోనని సెక్రటరీకి అనుమానం.

బైఠాయింపుకి వెళ్ళేముందు ఆమె గుమ్మంలో తటపటాయించింది. అమ్మే పొమ్మంది. "వెళ్ళు, నేను మెలకువగానే ఉంటాను" అని తలుపు దగ్గరకి కుర్చీ లాక్కుని, ఒళ్ళో తాళాలు పెట్టుకుని కూర్చుంది. మాట మీద నిలబడే మనిషే. కానీ నిద్ర మాటలు వినదు కదా. తెల్లారి కళ్ళు తెరిచేసరికి తాళాలు ఒళ్ళోనే ఉన్నాయి, బయట గేటు బార్లా తెరిచి ఉంది.

అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా మడతపెట్టి కూతురి చేతిలో పెట్టింది. చూస్తే అది కూతురిదే.

"ఇది వేసుకెళ్ళు. నలిగిన బట్టలతో వెళ్ళి నా మీద సాక్ష్యం చెప్పకు."

*

రెండో అంతస్తు వరండాలో నలుగురు పిల్లలు కబుర్లాడుకుంటున్నారు. సెక్రటరీ మెట్లెక్కగానే ఆ కబుర్లు ఆగిపోయాయి. ఒకత్తె జుట్టు దువ్వుకోవడానికి, ఇంకొకత్తె ఆరేసిన బట్టలు తీయడానికి ఉన్నట్టుండి పని గుర్తొచ్చినట్టు కదిలారు.

ఎన్నికల్లో ఆమెని గెలిపించింది ఈ అంతస్తే. 'మనలో మనిషి' అన్నారు అప్పుడు. ఇప్పుడు ఎవరిలో మనిషో ఎవరికీ తేల్చుకోబుద్ధి కావడం లేదు. హాస్టల్ పిల్లల దృష్టిలో ఆమె వార్డెన్ గారమ్మాయి. అమ్మ దృష్టిలో సంఘం మనిషి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో ఈమె నోరు తెరిచి నిలబడింది.

ఒంటిజడ మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పక్క మంచం ఖాళీగా ఉంది. దాని మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన దువ్వెన, చెప్పులు, ఒక స్వెట్టరు వరసగా పెట్టి ఉన్నాయి.

"ఎలా ఉంది తను?"

"గంజి తాగుతోందిట అక్కా. నన్ను చూడాలని ఏడుస్తోందిట. నేనెళ్తే ఇక్కడ సామాన్లు బయట పెట్టేస్తారేమోనని వెళ్ళలేదు."

"అలా ఎవరూ పెట్టరు."

"నువ్వు చెప్తే పెట్టరా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. సెక్రటరీ తల దించుకుంది. అప్పుడు కనపడింది ఆ చెయ్యి. చిటికెనవేలి కింద అరచేయి అంచంతా కమిలి నల్లబడి, ఉబ్బి ఉంది.

"రాయి తగిలిందా?"

"రాయి కాదక్కా. మీ తలుపు."

ఒంటిజడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకొక్కటి అర్థం కావట్లేదక్కా," అంది ఒంటిజడ. "మొన్న ఫ్యూజు పోయినప్పుడు ఇట్టే లేచొచ్చారు మేడమ్. అంతకుముందు ఎవరికో జ్వరమొస్తే రెండోసారి తట్టనవసరం లేకుండా వచ్చారు. అంత తెలివిడిగా పడుకునే మనిషికి ఆ రాత్రి ఎందుకు వినపడలేదు? అంటే విని కూడా లేవలేదనేగా? మీరంతా బైఠాయింపు చేశారని మా మీద కోపమా? ఆ కోపం దాని ప్రాణం మీదకి తేవాలా?"

"అమ్మ అలాంటిది కాదు."

"నాకూ అలాగే అనిపించేది. అందుకే అంతసేపు తట్టాను. వేరే ఎవరైనా అయితే ముందే రాయి తెచ్చేదాన్ని."

చెప్పెయ్యాలనిపించింది సెక్రటరీకి. ఒక్క మాట చెబితే ఈ పిల్ల కడుపులో మంట చల్లారుతుంది. ఆ ఒక్క మాట సాయంత్రానికి మూడంతస్తులూ తిరుగుతుంది. రేపటి హాజరు పిలుపులో అమ్మ ఒక్కొక్కరి ముఖం చూస్తూ పేర్లు చదువుతుంటే, ఎవరో ఒకరు గొంతు లేకుండా పెదవులే కదిపి 'ఉన్నాను మేడమ్' అన్నట్టు నటిస్తారు. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వుతారు. ఆ నవ్వు అమ్మకి వినపడదు గానీ కనపడుతుంది.

ఆమె ఖాళీ మంచం మీది స్వెట్టరు తీసి మడతపెట్టసాగింది.

"క్షమాపణ రాసిచ్చేస్తానక్కా," అంది ఒంటిజడ. "హాస్టల్ పోతే మా నాన్న చదువు మాన్పించేస్తాడు. తట్టలేదనే రాస్తాను. రాస్తే ఏమవుతుంది, ఈ చెయ్యి ఒప్పుకోకపోతే రెండో చేత్తో సంతకం పెడతాను."

*

బైఠాయింపు టెంటు కింద సంఘం అధ్యక్షుడు ఒక్కడే కూర్చుని అట్ట మీద అక్షరాలు దిద్దుతున్నాడు. వాణ్ణి అందరూ మైకు అంటారు. మైకు లేకుండానే నాలుగు వీధులకి వినపడే గొంతు. ఆ గొంతు వింటే సెక్రటరీకి ఎప్పుడూ ఒక వింత ఆలోచన వచ్చేది. వీడు తలుపు దగ్గర నిలబడి పిలిస్తే అమ్మకి కూడా వినపడుతుందేమోనని.

"చూడు, ఎన్నిసార్లు అడిగాం నర్సు కావాలని," అన్నాడు వాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది."

సెక్రటరీ ఉలిక్కిపడింది. వాడు ఆఫీసు వాళ్ళని అంటున్నాడు పాపం.

"ఏమైంది?"

"ఏం లేదు."

వాడు కుంచె పక్కన పెట్టాడు. "విచారణకి నువ్వెళ్ళొద్దులే. నేనెళ్తాను. నోటీసొచ్చిన వాళ్ళ పక్కన సంఘం మనిషి కూర్చోవాలని మనమే కొట్లాడి తెచ్చుకున్నాం, సెక్రటరీయే కూర్చోవాలని ఎక్కడా రాసి లేదు. అమ్మకి ఎదురు కూర్చోమని నిన్ను ఎవరూ అడగరు."

ఆ మాటలో దయ ఉంది. దయ ఉంది గనకే ఏడుపొచ్చింది. వాడు వెళ్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ప్రిన్సిపాల్‌వి గుబురు మీసాలు, పై పెదవి కనపడనే కనపడదు. అమ్మకి లోకంలో పులులన్నా పాములన్నా భయం లేదు గానీ మీసాల మనుషులంటే గుండెదడ. ఆయనతో ఎప్పుడు మాట్లాడాల్సి వచ్చినా కూతురు పక్కనుండి, 'అంటే సార్ ఏమంటున్నారంటే' అని అదే మాట మళ్ళీ చెప్పేది. తల్లీకూతుళ్ళలో కూతురికి వాగుడెక్కువని ఆయన అనుకునేవారు.

"నేనే వెళ్తాను," అంది.

"ఎవరి పక్కన కూర్చోవడానికి?"

"అక్కడ ఉండేది రెండు పక్కలేగా. ఏదో ఒక పక్కన."

మైకు నవ్వబోయి మానేశాడు.

*

ప్రిన్సిపాల్ గదిలో బల్లకి ఇటు అమ్మ, అటు ఒంటిజడ. ఒంటిజడ పక్కన సెక్రటరీ. తల్లికి సరిగ్గా ఎదురుగా కూర్చోవాల్సి వచ్చింది. అమ్మ శుభ్రంగా తయారై వచ్చింది. తాళాలగుత్తి ఒళ్ళో ఉంది. గదిలోకి వచ్చిన దగ్గర్నుంచి ఆమె కళ్ళు కూతురి ముఖం మీదే ఉన్నాయి. చూసేవాళ్ళకి అది కోపం. సెక్రటరీకి మాత్రం తెలుసు, అది వినడం.

"ఆ రాత్రి మీరు ఎక్కడ పడుకున్నారు?" ప్రిన్సిపాల్ తలెత్తకుండానే అడిగారు.

సెక్రటరీ నోరు దానంతటదే తెరుచుకుంది. "అంటే సార్, మేడమ్ ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో కదా మీరడిగేది?"

"తలుపు దగ్గరే, కుర్చీలో," అంది అమ్మ వెంటనే.

"భోజనాల వేళ ఆ పిల్లకి నొప్పి ఉందని మీతో ఎవరైనా చెప్పారా?"

"నొప్పి సంగతి ముందే చెప్పారా అని. అది అడగాల్సిందే సార్," అంది సెక్రటరీ.

"లేదు. చెబితే నేనే తీసుకెళ్ళేదాన్ని."

ప్రిన్సిపాల్ చిరాగ్గా చూశారు. "నువ్వు సంఘం తరఫున వచ్చావా అమ్మాయ్, నాకు వంత పాడటానికి వచ్చావా?"

ఒంటిజడ కూడా పక్కకి తిరిగి చూసింది. సెక్రటరీ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ఆయన ఒక తెల్లకాగితం, పెన్ను ఒంటిజడ ముందుకి తోశారు. "తలుపు తట్టలేదని, భయంలో అలా చెప్పానని రాసి సంతకం పెట్టు. తాళం సంగతి వదిలేస్తాను. నీ గది నీకుంటుంది."

ఒంటిజడ పెన్ను తీసుకుంది. వేళ్ళు ముడుచుకోలేదు. పెన్ను జారి బల్ల మీద పడింది. మళ్ళీ తీసుకుని, అన్నట్టుగానే ఎడమ చేతిలోకి మార్చుకుంది. అప్పుడా కమిలిన చెయ్యి బల్ల మీద వెల్లకిలా ఉండిపోయింది.

అమ్మ దాన్ని చూసింది.

"ఆ అమ్మాయి రాసేలోపు మీరు కూడా ఖాయంగా చెప్పండి మేడమ్," అన్నారు ప్రిన్సిపాల్, కాగితాలు సర్దుకుంటూ. "ఆ రాత్రి మీ తలుపు ఎవరూ తట్టలేదు. అంతే కదా?"

ఆయన మీసాలు కదిలి ఆగాయి.

అమ్మ కళ్ళు కూతురి పెదవుల మీదకి వచ్చాయి. ఎప్పటిలాగే వచ్చి, అక్కడ నిలబడ్డాయి. చిన్నప్పుడు బడి నుంచి వచ్చే కూతురి కోసం గుమ్మంలో ఎదురుచూసినట్టు ఎదురుచూశాయి.

సెక్రటరీ నోరు విప్పలేదు. 'అంటే సార్ ఏమంటున్నారంటే' అన్న మాట నాలిక చివర ఉంది. పళ్ళు బిగించింది. ఇంతకంటే అమ్మని చెంపదెబ్బ కొట్టడం తేలికనిపించింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా పెదవులు మాత్రం విడదీయలేదు.

"మేడమ్, మిమ్మల్నే."

అమ్మ చూస్తూనే ఉంది. ముఖంలో ముందు తొందర, తర్వాత బతిమాలడం, ఆ తర్వాత అర్థం కావడం, ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్ళాయి. చివరికి ఆమె చూపు కూతుర్ని వదిలేసి, బల్ల మీది నల్లబడ్డ చెయ్యి దగ్గరకి వెళ్ళింది.

"మీరేమడిగారో నాకు వినపడలేదు సార్," అంది.

"మీ తలుపు..."

"మళ్ళీ అడిగినా వినపడదు. ఆ రాత్రి ఆ పిల్ల తట్టే ఉంటుంది. నాకు అదీ వినపడలేదు. చాలా ఏళ్ళుగా నాకేం వినపడదు."

ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసేశారు. వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. ఆ గీసిన చప్పుడుకి అందరూ తలుపు వైపు చూశారు, అమ్మ తప్ప.

ఒంటిజడ ఎడమ చేతిలోని పెన్ను కింద పెట్టి, మెల్లిగా పక్కకి తిరిగింది.

"అక్కా, నీకిది తెలుసా? నా గదిలో కూర్చున్నప్పుడు కూడా తెలుసా?"

ఆ పిల్ల పెదవులు అమ్మకి స్పష్టంగా కనపడ్డాయి. సెక్రటరీ కంటే ముందు ఆమే జవాబిచ్చింది. "దానికేం తెలియదు. నేనే ఎవరికీ తెలియనివ్వలేదు."

అని లేచి, తాళాలగుత్తి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి, గుమ్మం వైపు తిరిగింది.

"తెలుసు," అంది సెక్రటరీ.

ఆ మాట గదిలో అందరికీ వినపడింది, ఒక్కరికి తప్ప.

ఒంటిజడ తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకుంది, అంతే. ప్రిన్సిపాల్ ఏదో అంటున్నారు, కూర్చోమంటున్నారు, క్వార్టర్స్ అన్న మాటేదో దొర్లింది. సెక్రటరీ అప్పటికే బయటికి వచ్చేసింది.

పొడుగాటి వరండా. అమ్మ దాని సగం దాటేసింది. వీపు నిటారుగా ఉంది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రెండూ కలిపి పట్టుకుని నడుస్తోంది.

"అమ్మా!"

అమ్మ ఆగలేదు.

"అమ్మా!" ఈసారి వరండా అంతా మోగింది. క్లాసుల్లోంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు.

అమ్మ తిరగలేదు. ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడు తిరిగి చూడకపోయినా కారణం సెక్రటరీకి తెలుసు. చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడితే సరిపోయేది. ఇప్పుడు కూడా పరుగెత్తితే అందుకోగలదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే, ఇది వినపడకపోవడమో, కూతురు వెనకే వస్తుందని తెలిసీ తిరగకపోవడమో ఆ ముఖం చూడగానే తెలిసిపోతుంది.

అమ్మ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడిపోయింది.